సుడి కనపడేసరికి మూడు తరాలు అయిపోయుంటాయి: వరిలో దోమపోటు వెనక లెక్క

అక్టోబర్ నెలలో చేను కంకులేసి, ఇంకో నెలలో కోత అనుకుంటున్న టైంలో, పచ్చటి మడి మధ్యలో ఒకచోట చాపంత మేర గుండ్రంగా ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. రెండు మూడు రోజుల్లో అది కళ్ళం అంత అవుతుంది, ఆ తర్వాత పక్కన ఇంకో రెండు చోట్ల మొదలవుతుంది, వారం పది రోజులు చూసుకోకపోతే సుడులన్నీ కలిసిపోయి చేను మొత్తం నిప్పు తగిలినట్టు ఎండి పడిపోతుంది. ఇలా సుడులు సుడులుగా ఎండబెడుతుంది కాబట్టే ఈ పురుగుకి సుడిదోమ అని పేరు, నష్టాన్ని దోమపోటు అంటారు. ఊళ్ళో ఎవర్ని అడిగినా "రాత్రికి రాత్రి వచ్చి పడిందండి" అంటారు. చూసేవాళ్ళకి నిజంగా అలాగే ఉంటుంది, వాళ్ళ బాధలో తప్పేం లేదు, కానీ పురుగు జీవితం ఒకసారి వెనక నుంచి ముందుకి లెక్కేసుకుంటే ఆ సుడి కనపడటానికి రెండు మూడు నెలల ముందే కథ మొదలైందని తెలుస్తుంది.

ముందు పేరు సంగతి. తెలుగులో దోమ అనే ఒక్క మాట కింద చాలా పురుగుల్ని కలిపేశాం. రక్తం తాగే దోమ వేరు, పత్తిలో మిరపలో వచ్చే తెల్లదోమ వేరు, వరి ఆకుల మీద ఎగిరే పచ్చదోమ వేరు, ఈ సుడిదోమ వేరు. రక్తం తాగే దోమ ఈగల జాతిది, మిగతా మూడూ రసం పీల్చే పురుగుల వర్గం, అంటే పేనుబంకకి చుట్టాలు. అందులోనూ సుడిదోమ డెల్ఫాసిడే అనే కుటుంబానికి చెందింది, సైంటిఫిక్ పేరు నీలపర్వత లూజెన్స్. వరిలోనే దీని తోడు ఇంకోటుంది, వీపు మీద తెల్ల మచ్చ ఉంటుంది, దాన్ని తెల్లమచ్చ దోమ అంటారు. ఈ పేర్ల గొడవ చిన్నదేం కాదు, ఎందుకంటే షాపుకెళ్ళి "దోమకి మందివ్వండి" అంటే ఏ దోమో తేలకుండానే డబ్బా చేతికొస్తుంది. పచ్చదోమ ఆకుల మీద ఉంటుంది, సుడిదోమ దుబ్బు అడుగున నీటికి కాస్త పైన ఉంటుంది, రెండింటికీ ఒకేలా మందు కొడితే రెండోదానికి తగలనే తగలదు.

పట్టుకుని చూస్తే గోధుమ రంగులో 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది, బియ్యం గింజ కంటే చిన్నది. భూతద్దం పెడితే వెనక కాలి మీద కదిలే ముల్లు ఒకటి కనపడుతుంది, ఈ కుటుంబాన్ని గుర్తుపట్టేది దాంతోనే. ముట్టుకుంటే పక్కకి నడుస్తుంది లేదా టక్కున గెంతుతుంది. గెంతటం అంటే గుర్తొచ్చింది, ఈ దోమల పెద్ద వర్గంలోనే యూరప్‌లో ఇస్సస్ అనే ఒక పురుగుంది, దాని పిల్లల వెనక కాళ్ళ మొదట్లో అచ్చం యంత్రంలో ఉన్నట్టు పళ్ళ చక్రాల్లాంటి భాగాలుంటాయని 2013లో కేంబ్రిడ్జ్ సైంటిస్టులు చూపించారు. రెండు కాళ్ళూ సెకనులో లక్షకి మూడు వంతులకి మించి తేడా రాకుండా ఒకేసారి తన్నటానికి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయట, పెద్దదయ్యాక చివరి కుబుసంతో ఆ పళ్ళు పోతాయి. వరి చేనుకి దాంతో పనేం లేదు గానీ, ఇంత చిన్న ప్రాణిలో అంత ఏర్పాటు ఉందంటే తెలుసుకోవాలనిపించే విషయమే.

ఇక అసలు కథ. నాట్లు పడి పైరు కుదురుకుని పిలకలు వేస్తున్నప్పుడు రెక్కలున్న దోమలు కొన్ని, చాలా కొద్దిగా, ఎక్కడినుంచో ఎగిరొచ్చి దుబ్బుల్లో దిగుతాయి. అప్పుడు చేలో తిరిగితే ఏమీ కనపడదు, పది ఇరవై దుబ్బులు వంచి చూస్తే ఒకటో రెండో దొరుకుతాయేమో. ఆడది వరి మట్ట కణజాలంలోకి గుచ్చి లోపల వరసగా గుడ్లు పెడుతుంది, బయటికి టోపీల్లాంటి కొసలు మాత్రం కాస్త కనపడతాయి. గుడ్డు మట్ట లోపల ఉంది కాబట్టి పైపైన తగిలే మందు దానికి పెద్దగా అంటదు. వారం తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, రెండు వారాల్లో ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. అంటే గుడ్డు నుంచి గుడ్డుకి రమారమి నెల, ఎండ వేడిని బట్టి కాస్త అటూ ఇటూ.

ఇక్కడే ఈ పురుగు తెలివి అంతా ఉంది. మేత బాగుండి ఇరుకు లేనప్పుడు పిల్లలు పెద్దయ్యాక పొట్టి రెక్కలతో బయటపడతాయి. పొట్టి రెక్కలది ఎగరలేదు, ఎగరాల్సిన పనీ లేదు, ఆ రెక్కల కండలకి పోవాల్సిన శక్తంతా గుడ్లకి పెడుతుంది, త్వరగా మొదలుపెడుతుంది, ఎక్కువ పెడుతుంది. దుబ్బులో గుంపు పెరిగి, పైరు ముదిరి, రసం తగ్గుతున్నప్పుడు అదే తల్లుల పిల్లలు పొడుగు రెక్కలతో వస్తాయి, ఎగిరి ఇంకో చేనుకి పోతాయి. అదే జీన్స్, రెండు శరీరాలు. దీని వెనక ఇన్సులిన్ సిగ్నల్ పట్టుకునే రెండు రిసెప్టర్లు ఉన్నాయని, ఒకటి పొడుగు రెక్కల వైపు నెడితే రెండోది పొట్టి వైపు నెడుతుందని 2015లో చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టారు. రైతుకి పనికొచ్చే మాటలో చెప్పాలంటే దుబ్బు అడుగున పొట్టి రెక్కల ఆడవి, పొట్ట లావుగా ఉన్నవి కనపడుతున్నాయంటే అవి ఆ చేలో కాపురం పెట్టేశాయని అర్థం. జత కోసం కూడా ఎక్కడికీ తిరగక్కర్లేదు, పొట్టని వణికిస్తే ఆ వణుకు వరి కాడ గుండా పోతుంది, మగది దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, ఇది కాగితం మీద లెక్కే, కానీ దోమపోటు అర్థం కావాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. ఒక ఆడదోమ 200 గుడ్లు పెట్టిందనుకోండి. వందకి ఒకటే బతికి పెద్దయితే 2 దోమలు, అందులో ఒకటి ఆడది, అంటే ఒక తల్లి పోయి ఒక తల్లి వచ్చింది, చేలో సంఖ్య పెరగలేదు, పైరు కోతకొచ్చేదాకా అలాగే ఉండిపోతుంది, ఆ దోమ ఉందని కూడా ఎవరికీ తెలీదు. అదే వందకి ఐదు బతికితే 10 దోమలు, 5 ఆడవి. రెండో తరానికి 25, మూడో తరానికి 125. మొదట పది దుబ్బులకి ఒక తల్లి దిగిన చోట మూడో తరంలో దుబ్బుకి పన్నెండు పదమూడు తల్లులు, వాటికి తోడు మగవి, ఆ తల్లుల పిల్లలు లెక్క వేరే. సుడి వచ్చేది అక్కడ. కాబట్టి దోమ ఎంత వచ్చింది అన్నది కాదు అసలు ప్రశ్న, ఒకటి ఉండాల్సిన చోట ఐదు ఎందుకు బతికాయన్నదే.

మామూలుగా ఆ 99ని తినేది ఎవరంటే, సాలీళ్ళు. వరి చేలో నీటి మీద పరిగెత్తే వేట సాలీడు ఒకటుంటుంది, గూడు కట్టదు, దుబ్బు అడుగునే తిరిగి దోమ పిల్లల్ని పట్టుకుంటుంది. మిరిడ్ నల్లి అని ఆకుపచ్చగా సన్నగా ఉండే ఇంకో పురుగు ఉంది, అది మట్టలోకి ముక్కు పెట్టి దోమ గుడ్లని పీల్చేస్తుంది, మందు చేరని చోటుకి ఇది చేరుతుంది అన్నమాట. చాలామంది దీన్ని కూడా దోమే అనుకుని భయపడి మందు కొట్టేస్తారు, ఇది చూస్తే నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకా గుడ్లలోనే గుడ్లు పెట్టే, కంటికి ఆనని కందిరీగ జాతులున్నాయి, అక్షింతల పురుగులు, తూనీగలు, నీళ్ళలో తిరిగే నల్లులు ఉన్నాయి. పైరు లేతగా ఉండి దోమ ఇంకా రాని రోజుల్లో ఇవి ఏం తిని బతుకుతాయి అని అడగొచ్చు. ఇండోనేసియా జావా పొలాల్లో 1990లలో దీన్ని జాగ్రత్తగా చూశారు. దమ్ము చేసిన మడిలో కుళ్ళే గడ్డి, పశువుల ఎరువు మీద పెరిగే చిన్న చిన్న ఈగలు, నీటి పురుగులు అప్పుడు బోలెడు ఉంటాయి, పంటకి ఏ హానీ చెయ్యవు, సాలీళ్ళు వాటిని తిని పెరిగి సిద్ధంగా ఉంటాయి. దోమ వచ్చేసరికి కాపలా ముందే ఉందన్నమాట.

అందుకే నాటిన మొదటి నెలా నలభై రోజుల్లో కొట్టే మందు అన్నిటికన్నా ఖరీదైనది, డబ్బా రేటు ఎంత తక్కువైనా సరే. ఆకుముడత తెల్లచారలు నాలుగు కనపడగానే భయపడి ఏదో ఒకటి కలిపి కొట్టేస్తారు, నిజానికి ఆ వయసులో పైరు పోయిన ఆకుని మళ్ళీ తెచ్చుకోగలదు. ఆ మందుకి సాలీళ్ళు, మిరిడ్ నల్లులు పోతాయి, మట్టలోపల ఉన్న దోమ గుడ్లు మిగులుతాయి. వారం తర్వాత ఆ పిల్లలు కాపలా లేని చేలోకి బయటికొస్తాయి. దీనికి తోడు డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు, ఇంకొన్ని పాత మందులు తక్కువ మోతాదులో తగిలితే దోమ గుడ్లు పెట్టడం ఇంకా పెరుగుతుందని 1970లు 80లలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగిన పనుల్లో తేలింది. అక్కడే పీటర్ కెన్మోర్ అనే సైంటిస్టు మందు కొట్టని మడుల్ని, కొట్టిన మడుల్ని పక్కపక్కన చూసి, దోమని అదుపులో పెట్టేది శత్రు పురుగులేనని, వాటిని చంపినచోటే దోమ విరగబడుతుందని చూపించాడు.

ఈ మాటని ఒక దేశం పాలసీగా తీసుకుంది కూడా. ఇండోనేసియాలో 1970ల మధ్య నుంచి పదేళ్ళు దోమపోటు వరసగా దెబ్బ కొట్టింది, ఆ రోజుల్లో ప్రభుత్వమే మందులకి భారీగా సబ్సిడీ ఇచ్చేది. 1986 నవంబర్‌లో ప్రెసిడెంట్ సుహార్తో వరిలో 57 రకాల పురుగుమందుల్ని నిషేధించాడు, 1989కల్లా సబ్సిడీ ఎత్తేశారు, రైతులే పొలంలో దుబ్బులు వంచి పురుగులు లెక్కపెట్టి నేర్చుకునే పొలంబడులు పెట్టారు. మందులు తగ్గాయి, వరి దిగుబడి పడిపోలేదు. మన దగ్గర పొలంబడి అనే మాట వినపడుతోందంటే దాని మూలం అక్కడే. వియత్నాం మెకాంగ్ డెల్టాలో 1990లలో విత్తిన మొదటి 40 రోజులు పురుగుమందు వద్దని రేడియోలో నాటికలేసి మరీ ప్రచారం చేశారు.

మందు ఒక్కటే అంటే అన్యాయం అవుతుంది, యూరియా కూడా ఉంది. దోమ తాగేది వరి మట్టలోని తీపి రసం, అందులో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకి పనికొచ్చే నైట్రోజన్ తక్కువ. ఆ కొరత తీర్చుకోవడానికి అది తన కొవ్వు కణాల్లో ఈస్ట్ లాంటి సూక్ష్మజీవుల్ని పెంచుకుంటుంది, తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకి వెళ్తాయి, దోమ విసర్జించాల్సిన వ్యర్థాన్నే అవి మళ్ళీ వాడుకునే నైట్రోజన్‌గా మార్చిస్తాయి. అంత కరువులో బతికే పురుగుకి మనం ఎకరానికి బస్తా మీద బస్తా వేస్తే పైరుతో పాటు దానికీ పండగే, ఎక్కువ గుడ్లు పెడుతుంది, ఎక్కువ పిల్లలు బతుకుతాయి. దానికి తోడు పైరు ఏపుగా పెరిగి దుబ్బులు కలిసిపోతే అడుగున ఎండ తగలదు, గాలాడదు, తేమగా నీడగా ఉంటుంది, దోమకి కావాల్సింది అదే.

తినే తీరు కూడా చూడాలి. తొండాన్ని మట్టలోకి దించి, చుట్టూ గట్టిపడే లాలాజలంతో తొడుగు కట్టుకుని, రసనాళం నుంచి పీలుస్తుంది. కావాల్సిన కొంచెం నైట్రోజన్ కోసం బోలెడు రసం తాగాలి, మిగిలిన చక్కెర నీళ్ళని తేనెబంకలా వదిలేస్తుంది, దాని మీద నల్లటి మసి బూజు పడుతుంది. వందల తొడుగులు నాళాల్లో అడ్డం పడి, రసం కారిపోయి, వేరుకి అన్నం అందక దుబ్బు మొత్తం ఒక్కసారిగా కూలిపోతుంది. మొదట ఒక ఆకు పండి తర్వాత ఇంకో ఆకు అన్నట్టు ఉండదు, తట్టుకున్నంత కాలం పచ్చగానే ఉండి, హద్దు దాటగానే ఎండుతుంది. రాత్రికి రాత్రి వచ్చిందనిపించేది ఇందుకే. వైరస్‌ల సంగతి వేరే. సుడిదోమ గ్రాసీ స్టంట్, ర్యాగెడ్ స్టంట్ అనే తెగుళ్ళని మోస్తుంది, 2022లో పంజాబ్ హర్యానాల్లో వరి మొక్కలు గిడసబారిపోయినప్పుడు దొరికిన వైరస్‌ని మోసేది తెల్లమచ్చ దోమ.

తట్టుకునే రకాలు ఉన్నాయి కదా అంటే ఉన్నాయి, కానీ అదీ ఒక పరుగు పందెమే. 1973లో ఐఆర్ 26 అనే రకం దోమని తట్టుకుంటుందని విడుదల చేస్తే రెండు మూడేళ్ళకే దాన్ని తినగలిగే దోమలు తయారయ్యాయి. ఇంకో చిక్కుంది, ఫిలిప్పీన్స్‌లో పనిచేసిన ఆ మొదటి తరం నిరోధక జీన్స్ మన దేశంలో దోమ మీద పనిచెయ్యలేదు, పేరు ఒకటే అయినా ఇక్కడి దోమ తీరు వేరు. అదే కేరళ పట్టాంబి నుంచి వచ్చిన పీటీబీ 33 మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా బ్రీడర్లు వెతుక్కునే దోమ నిరోధక రకం. మన వైపు మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు, దోమని కొంతవరకు తట్టుకుంటుంది, దాని తల్లిదండ్రులు కృష్ణవేణి, ఐఆర్ 64. జనం ఇష్టంగా వేసే స్వర్ణ, సాంబ మసూరి తట్టుకోవు. బియ్యానికి రేటొచ్చేది సన్నాలకి, దోమ తేలిగ్గా కొట్టేదీ వాటినే, రైతు ఏ రకం వేయాలో చెప్పేవాళ్ళు ఈ రెండో ముక్క కూడా చెప్పాలి.

మందుల కథా అంతే. ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో అద్భుతంగా పనిచేసింది, పదేళ్ళు అందరూ అదే కొట్టారు, 2005 ప్రాంతానికి ఆసియాలో చాలాచోట్ల దోమకి అది పట్టడం మానేసింది. దోమ ఒంట్లో ఆ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి విపరీతంగా తయారవ్వడమే కారణం. ఇలా ఒక చోట గట్టిపడ్డ దోమ అక్కడే ఉండదు కదా, పొడుగు రెక్కలున్నవి మునిమాపు వేళ పైకి లేచి, వందల మీటర్ల ఎత్తులో గాలి పట్టుకుని దేశాలు దాటుతాయి. జపాన్ చలికి ఈ దోమ బతకదు, అయినా ఏటా జూన్ జులైలో వానల గాలులతో చైనా వైపు నుంచి సముద్రం మీదుగా వచ్చి పడుతుంది. 1967లో జపాన్‌కి దక్షిణంగా నడి సముద్రంలో ఉన్న వాతావరణ నౌక మీద గుంపులుగా వాలిన దోమల్ని చూశాకే వాళ్ళకి ఇది గట్టిగా నమ్మకం కుదిరింది. అంతకు ముందు 1732లో పశ్చిమ జపాన్‌లో వచ్చిన పెద్ద కరువుకి ఈ దోమలే కారణమంటారు, అప్పట్లో మడి నీళ్ళ మీద తిమింగలం నూనె పోసి, దుబ్బుల్ని దులిపి దోమల్ని అందులో పడేసేవాళ్ళు. మన డెల్టాల్లో దోమ దూరం నుంచే రావాలని కూడా లేదు, సార్వా కాగానే దాళ్వా, అంటే మొదటి పంట వెంటనే రెండో పంట, ఏడాదంతా ఎక్కడో ఒకచోట పచ్చటి వరి ఉంటుంది.

మళ్ళీ శత్రు పురుగుల మాటకొస్తే, చెరకులో వచ్చే పైరిల్లా కూడా ఈ దోమల పెద్ద వర్గంలోదే. దాని ఒంటి మీదే బతికే ఎపిరికేనియా అనే చిన్న రెక్కల పురుగు ఉంది, దాని గూళ్ళున్న ఆకులు కోసి పైరిల్లా ఉన్న చెరకు తోటల్లో కడితే చాలు, మందు లేకుండానే అదుపులోకొస్తుంది, మన దేశంలో ఇది ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదే. దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలో దొరుకుతుంది. మచ్చల లాంటర్న్ ఫ్లై అనేది 2014లో పెన్సిల్వేనియాలో కనపడింది, ఆసియా నుంచి వచ్చింది, తన శత్రువుల్ని వెంట తెచ్చుకోలేదు. ఇప్పుడు న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళ పిల్లలకి కూడా ఎర్ర రెక్కల ఆ పురుగు తెలుసు, కనపడితే తొక్కెయ్యమని అక్కడ అధికారులే చెప్తారు.

చేలో చెయ్యగలిగేది పెద్ద రహస్యమేం కాదు. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా వదలాలి, దాంతో అడుగుకి వెలుగు, గాలి వస్తాయి, అవసరమైతే మనిషి లోపలికెళ్ళి మందు మొదలు మీద పడేలా కొట్టగలడు. నాలుగు దుబ్బులు పోతాయని బాట తియ్యనివాళ్ళు చాలామంది, అక్టోబర్‌లో ఆ లెక్క తిరగబడుతుంది. యూరియా ఒక్కసారే కాకుండా దఫాలుగా వెయ్యాలి, నీళ్ళు తీసి మధ్యమధ్యలో మడి ఆరబెట్టాలి. గట్ల మీద నువ్వులు, పూల మొక్కలు వేస్తే గుడ్లని తినే కందిరీగలకి తేనె దొరుకుతుంది, చైనా, థాయ్‌లాండ్, వియత్నాంలలో ఇలా చేసిన పొలాల్లో మందు వాడకం 70 శాతం తగ్గిందని, దిగుబడి 5 శాతం పెరిగిందని 2016లో ఒక అధ్యయనం వచ్చింది. వారానికోసారి దుబ్బుల్ని వంచి నీటి మీద తట్టి చూడాలి, పిలకల దశలో దుబ్బుకి పది పదిహేను దోమలు దాటితేనే మందు సంగతి, అదీ సాలీళ్ళు, మిరిడ్ నల్లులు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాక. అప్పుడు కూడా పైమెట్రోజైన్, ట్రైఫ్లూమెజోపైరిమ్ లాంటివి మార్చి మార్చి వాడాలి, మూడు నాలుగు డబ్బాలు కలిపి కొట్టకూడదు. పైనుంచి ఆకుల మీద చల్లితే సగానికి పైగా వృథా, నాజిల్ దుబ్బు మొదలు వైపు తిప్పాలి.

సుడి పడ్డాక ఆ ఎండిన చోటే మందు కొట్టడం అన్నిచోట్లా కనపడుతుంది. ఎండిన దుబ్బులో దోమకి తిండి లేదు, అది అక్కడ ఉండదు, పిల్లలు నడుచుకుంటూ పక్క దుబ్బులకి, పెద్దవి ఎగిరి ఇంకా దూరానికి వెళ్ళిపోయుంటాయి. కొట్టాల్సింది సుడి చుట్టూ ఇంకా పచ్చగా ఉన్న నాలుగైదు మీటర్ల అంచులో, మొదళ్ళ దగ్గర.